నూటిరవై వదిన

మా వదిన సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ ఎడమచేతి సంగతి చెప్పాలి. మనిషి గురించి తొందరేం లేదు, ఆవిడ గురించి ఆవిడే రోజుకి పదిసార్లు చెప్పుకుంటుంది. చెయ్యి మాత్రం పాపం నోరులేనిది. అయినా చుట్టుపక్కల క్లినిక్కుల్లో వదిన మొహం గుర్తుపట్టని వాళ్ళు ఉన్నారేమో గానీ ఆ చెయ్యి గురించి వినని వాళ్ళు లేరు.

మాది బీపీ మిషన్లు బాగుచేసే షాపు. మాది అంటే మా అన్నయ్యది. అన్నయ్యది అంటే, మీకు అర్థమయ్యే ఉంటుంది, వదినది. ఇప్పటి బ్యాటరీ మిషన్లు కావు. చేతికి చుట్టే గుడ్డపట్టీ, పిసికితే గాలి కొట్టే రబ్బరు బంతి, ముల్లు తిరిగే గుండ్రటి డయలు ఉంటాయి చూడండి, అవి. అన్నయ్య క్లినిక్కులన్నీ తిరిగి పాడైన మిషన్లు సంచీలో వేసుకొస్తాడు. వదిన వాటిని విప్పి, జబ్బేమిటో తేల్చి, బాగుచేస్తుంది. నేను కౌంటర్లో కూర్చుని ఒక్కో మిషన్‌కీ ఒక్కో చీటీ రాస్తాను. ఎవరిది, ఎప్పుడొచ్చింది, లోపం ఏమిటి. చీటీలో సగం చింపి మిషన్‌కి కడతాను, మిగతా సగం నా అట్టపెట్టెలో పడుతుంది. అదీ నా ఉద్యోగం. ఖాళీ దొరికినప్పుడల్లా వదినను ఆటపట్టించడం నా హక్కు. ఆడపడుచుగా పుట్టి ఆ మాత్రం చెయ్యకపోతే ఇంకెందుకు?

షాపంటే పెద్ద షాపేం కాదు, ఒక పొడుగాటి గది. వీధి వైపు నా కౌంటరు, లోపల కిటికీ కింద వదిన బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంటుంది, జారిపడ్డ మర కంటికి కనబడాలని. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం, నాలుగు రకాల పట్టకార్లు, పెన్ను రీఫిల్లంత సన్నటి స్క్రూడ్రైవర్లు. డయలు లోపల తలవెంట్రుకంత స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టకారుతో పట్టుకున్నప్పుడు ఊపిరి కూడా నెమ్మదిగా వదలాలి. అందుకే పైన ఫ్యాను ఉన్నా దాని స్విచ్ మీద వదిన ప్లాస్టర్ అంటించేసింది. ఎండాకాలంలో నేను ఆ ప్లాస్టర్ వంక ఒక్కసారి చూస్తే చాలు, "గోకకు" అంటుంది వెనక్కి తిరక్కుండానే.

ఇక చెయ్యి. పెళ్ళైన కొత్తలో, బాగుచేసిన మిషన్‌ని ఎవరి మీద పరీక్షించాలో తెలియక అన్నయ్య ఈవిడనే కూర్చోబెట్టాడట. గోడకి ఒక చెక్కపెట్టె ఉండేది, అందులో పాదరసం గొట్టం. అసలైన కొలత దానిదే, మిషన్ ముల్లు దానితో సరిపోవాలి. ఆ గొట్టం వదిన బీపీ నూటిరవై బై ఎనభై అంది. మర్నాడూ అదే. వారం తర్వాతా అదే. మనుషుల బీపీ పొద్దున్నొకలా సాయంత్రమొకలా ఉంటుందని డాక్టర్లు చెబుతారు. వదినది మాత్రం మా అమ్మతో గొడవపడ్డ రోజూ నూటిరవయ్యే, కూతురు పరీక్ష తప్పిన రోజూ నూటిరవయ్యే. కోపమంతా ముక్కు మీదే ఖర్చయిపోతుంది, రక్తం దాకా దిగదు కాబోలు అనేదాన్ని నేను.

అన్నయ్య ఊరుకున్నాడా? క్లినిక్కులన్నిటా చాటింపు వేశాడు. "మా ఆవిడ చేతి మీద నూటిరవై పలికిందంటే ఇక ఆ మిషన్‌కి తిరుగులేదండీ" అనేవాడు. డాక్టర్లు కూడా సరదాకి వదినను "నూటిరవై గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆవిడకి అది బిరుదులా ఒంటబట్టింది. ఈలోగా అన్నయ్యకి చత్వారం వచ్చింది. గొట్టం మీది గీతలు కనబడవు, దానికి రబ్బరు గొట్టాలు తగిలించి, చూసి, మళ్ళీ సర్దడానికి అరగంట. చెయ్యి ఎదురుగా ఉండగా పాదరసం దేనికి? చెక్కపెట్టె మూసేసి దాని మీద క్యాలెండర్ తగిలించారు. ఎనిమిదేళ్ళుగా క్యాలెండర్లు మారుతున్నాయి గానీ పెట్టె తెరిచిన పాపాన పోలేదు.

అప్పటినుంచి మా పద్ధతి ఇదీ. రోజూ పదకొండింటికి వదిన కుర్చీలో వెనక్కి ఆనుకుని, చెయ్యి బల్ల మీద చాపి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటుంది. మా షాపులో నిశ్శబ్దమంటూ ఉండేది ఆ అయిదు నిమిషాలే. తర్వాత అన్నయ్య స్టెతస్కోప్ పెట్టి వింటాడు. ముల్లు నూటిరవై దాటి పలికితే మిషన్ ఎక్కువ చూపిస్తోందని, లోపల పలికితే తక్కువ చూపిస్తోందని లెక్క. వదిన చెబుతుంది, నేను చీటీ మీద రాస్తాను. ఆవిడ స్క్రూ తిప్పి ముల్లుకి బుద్ధి చెబుతుంది. ఎన్నడూ ఎవరికీ అనుమానం రాలేదు. వస్తే మిషన్ మీద రావాలి గానీ వదిన మీద వస్తుందా?

యాభయ్యో ఏట వదినకి నెలసరి ఆగిపోయింది. "పీడ వదిలింది" అని హాయిగా చెప్పుకుంది. ఏడాది తిరక్కుండా ఆ హాయి ఆవిరైంది. ఉన్నట్టుండి ఛాతీలోంచి వేడి బయల్దేరి మెడ, మొహం, చెవులు ఎర్రబడిపోయేవి. జుట్టు మొదళ్ళలోంచి చెమట కారేది. రెండు నిమిషాల్లో చలి. నిద్ర లేదు. ఆ ఫ్యాను లేని గదిలో, ఒక్క చెమటబొట్టు డయలులో పడితే తుప్పు పట్టే పనిలో, ఇది రోజుకి పదిసార్లు. స్ప్రింగు పట్టుకున్న చెయ్యి వణికేది. ఒకే వారంలో మూడు స్ప్రింగులు మెలిపడిపోయాయి. పాతికేళ్ళలో మూడు పాడుచెయ్యని మనిషి.

మొదట్లో నేను మామూలుగానే మేలమాడాను. "వదినా, నీ తల మీద నీళ్ళు పెడితే కాగిపోయేలా ఉన్నాయి" అన్నాను. ఆవిడ తిడుతుందని చూశాను. తిట్టలేదు. లేచి, సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వినపడింది. నా ప్రాణం ఉసూరుమంది. తిరిగి తిట్టే మనిషినైతే ఎంతైనా ఆటపట్టించొచ్చు, ఏడ్చే మనిషిని ఏం చేస్తాం? మర్నాడే చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ మెత్తగా మాట్లాడుతుంది గానీ చెప్పాల్సిన మాట మింగదు.

"మీ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను బాగా తగ్గిపోయింది. ఆవిర్లు అందుకే. రక్తనాళాల గోడలు మెత్తగా, సాగేలా ఉండటానికి కూడా అది సాయం చేసేది. అది తగ్గాక నాళాలు కాస్త బిరుసెక్కుతాయి. బీపీ, కొలెస్ట్రాల్ పెరగొచ్చు. గుండెజబ్బు ఆడవాళ్ళ జోలికి ఎక్కువగా వచ్చేది ఈ వయసు దాటాకే" అంది.

"అయితే ఆ తగ్గిందేదో బయటినుంచి పోస్తే గుండెకీ మంచిదేగా?" అంది వదిన. ఎంతైనా మెకానిక్కు బుర్ర.

డాక్టరమ్మ నవ్వింది. "ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇచ్చేశారు. తర్వాత పెద్ద ఎత్తున పరిశీలిస్తే, వేసుకున్నవాళ్ళలో కొందరికి రక్తం గడ్డకట్టడం, పక్షవాతం లాంటివి కాస్త ఎక్కువ కనబడ్డాయి. దాంతో హడలిపోయి అందరికీ ఆపేశారు. మళ్ళీ నింపాదిగా చూస్తే తేలింది, ఎప్పుడు మొదలుపెట్టారన్నది ముఖ్యమని. అరవై లోపు, నెలసరి ఆగిన పదేళ్ళ లోపు, వేరే జబ్బుల్లేకుండా ఉంటే ప్రమాదం తక్కువ. ఆలస్యంగా మొదలుపెడితే ఎక్కువ. అయినా గుండెని కాపాడ్డానికని ఈ మందు ఇవ్వం. మీ ఆవిర్లకీ నిద్రకీ ఇస్తాం. గుండెకి నడక, తిండి, బీపీ చూసుకోవడం, ఇవే."

"మాత్రలా?" అన్నాను నేను.

"ఈస్ట్రోజన్ చర్మం మీద అంటించే ప్యాచ్‌లో ఇస్తాను. మాత్ర కన్నా దానితో రక్తం గడ్డకట్టే భయం తక్కువ. గర్భసంచి ఉంది కాబట్టి తోడుగా ఇంకో హార్మోను మాత్ర వేసుకోవాలి. కానీ ముందు బీపీ చూడాలి. ఎక్కువుంటే మాత్రం దాన్ని దారికి తెచ్చాకే మిగతాది."

వదిన ఆ మాటకి పకపకా నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది. "నా బీపీయా? చూడండి, చూడండి" అని చెయ్యి చాపింది. బల్ల మీదున్న మిషన్ మా షాపులో బాగుపడ్డదే, వెనకాల వదిన వేసే నీలం చుక్క ఉంది. నూటిరవై రెండు బై ఎనభై చూపించింది. "ఆ రెండూ మీ మెట్లెక్కి వచ్చినందుకు" అంది వదిన. డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. మూణ్ణెల్లకి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకుని రమ్మంది.

ప్యాచ్ పనిచేసిందా అంటే, చెబితే నమ్మరు. మూడు వారాలకి వదిన రాత్రంతా నిద్రపోయింది. అన్నయ్య ఆవిడ గురక గురించి సంబరంగా చెప్పడం అదే మొదటిసారి. నెలన్నరకి చెయ్యి వణకడం మానేసింది. పట్టకారుతో స్ప్రింగు తీసి అద్దం కింద పెట్టి, "చూడవే, కదిలిందా?" అని నన్ను పిలిచి మరీ చూపించింది. కదల్లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి గానీ నేను బయటపడలేదు. "చాల్లే సంబడం, పని చూడు" అన్నాను.

మూణ్ణెల్లు నిండాక మా వీధి చివరి ల్యాబుకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి రక్తం తీసుకుని, అలవాటుగా బ్యాటరీ మిషన్ ఒకటి వదిన చేతికి చుట్టింది. నూటయాభై రెండు బై తొంభై ఆరు.

"దీనికి ఒంట్లో బాలేదమ్మా" అంది వదిన జాలిగా.

ఆ అమ్మాయి కాసేపాగి మళ్ళీ చూసింది. నూటయాభై.

"బ్యాటరీ బొమ్మలు! వీటిని నమ్ముకుంటే కొంప కొల్లేరే. ఒకసారి మా షాపుకి తీసుకురా, విప్పి చూస్తాను."

"పొద్దుట్నించీ నలభైమందికి బాగానే చూపించిందండీ" అంది ఆ అమ్మాయి. వదిన ఒంటికాలి మీద లేచింది. పాతికేళ్ళ అనుభవం, నూటిరవై బిరుదు, ఊళ్ళో డాక్టర్ల పేర్లు, అన్నీ ఏకరువు పెట్టింది. నేను ఆ అమ్మాయికి కళ్ళతోనే క్షమాపణ చెప్పి వదినను బయటికి తీసుకొచ్చాను.

దారిపొడుగునా ఆవిడ తిడుతూనే ఉంది. నా మనసులో ఒక పురుగు తొలుస్తోంది. షాపుకి రాగానే నా అట్టపెట్టె ముందేసుకుని చీటీలు తీశాను. పాత చీటీల్లో లోపాలు రకరకాలుగా ఉన్నాయి. గాలి కారుతోంది, ముల్లు ఇరుక్కుంది, తక్కువ చూపిస్తోంది, ఎక్కువ చూపిస్తోంది. ఏడాదిన్నర నుంచి చూస్తే, "ఎక్కువ చూపిస్తోంది", "ఎక్కువ చూపిస్తోంది", "పట్టీ చిరిగింది, ఎక్కువ కూడా చూపిస్తోంది". నలభై మూడు మిషన్లు. అన్నీ నా చేతిరాతే. రాసిన మొద్దుని నేనే, ఒక్కసారీ నా బుర్రకి తట్టలేదు. ఊళ్ళో మిషన్లన్నీ కూడబలుక్కుని ఒకే వైపు తప్పు చూపిస్తాయా?

అన్నయ్యను పక్కకి పిలిచి చీటీలు పరిచాను. ఆయన వాటి వంక చూడనేలేదు.

"నాకు ఏడాది కిందటే అనుమానమొచ్చిందే" అన్నాడు గొంతు తగ్గించి.

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? దానికా? నీ బీపీ పెరిగిందోయ్ అని నేను చెప్పాలా? నువ్వు చెప్పకూడదూ, ఆడపడుచువి."

ఇంటి మగాడి ధైర్యం ఇదీ. ఈలోగా వదిన వెనకాలే వచ్చి నిలబడిందని మేమిద్దరం చూసుకోలేదు. చీటీలన్నీ చదివింది. ఒకటి రెండు తిరగేసి కూడా చూసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను.

"ఎక్కువుందని తెలిస్తే డాక్టరమ్మ ప్యాచ్ ఆపేస్తుంది కదే?" అంది. గొంతు చిన్నదైపోయింది.

నేను చీటీలు దొంతర పెట్టసాగాను.

"మళ్ళీ ఆ చెమటలు, ఆ వణుకు. మళ్ళీ ఆ సామాన్ల గది. నా వల్ల కాదు. నా చెయ్యి నాకు ఇప్పుడే తిరిగొచ్చింది. ఎవరికీ చెప్పొద్దు. ఉప్పు మానేస్తాను, పొద్దున్నే నడుస్తాను. నాలుగు వారాలు. అదే దిగుతుంది. ఆ తర్వాత గుట్టుగా మిషన్లు సరిచేసేద్దాం."

నిజం చెప్పొద్దూ, నేను సరేననబోయాను. ఆవిడ మళ్ళీ ఆ తలుపు వేసుకోవడం చూసే ఓపిక నాకూ లేదు. అన్నయ్య అయితే అప్పటికే తలూపేశాడు. వదిన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పట్టకారు తీసుకుంది, పెట్టేసింది. మళ్ళీ తీసుకుంది.

"డాక్టరమ్మ బల్ల మీద ఉన్నది మన మిషనేగా" అంది కాసేపటికి.

"మనదే. నీలం చుక్క ఉంది."

"ఆ కుర్చీలో నాలాంటి వాళ్ళు రోజుకి ఎంతమంది కూర్చుంటారే?"

ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళంతా మా వయసు ఆడవాళ్ళే. వాళ్ళందరికీ బీపీ బాగానే ఉందని చెబుతున్నది మా ముల్లు. ఆ ముల్లుకి పాఠం చెప్పింది వదిన చెయ్యి. మిగతా నలభై రెండు మిషన్లు ఎవరెవరికి ఏమేం చెబుతున్నాయో!

వదిన లేచింది. క్యాలెండర్ తీసి నా చేతిలో పెట్టింది. చెక్కపెట్టె తలుపు బిగిసిపోయింది, అన్నయ్య గుద్దితే తెరుచుకుంది. గొట్టం దుమ్ము పట్టి ఉంది. తుడిచి చూస్తే పాదరసం సరిగ్గా సున్నా దగ్గర, మేం వదిలేసిన చోటే నిలబడి ఉంది.

"ఎనిమిదేళ్ళైంది, ఇది మాత్రం బాగుందంటావా?" అన్నాడు అన్నయ్య.

"పాదరసానికి నెలసరి ఆగదులే అన్నయ్యా" అన్నాను. వదిన నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకి వంకరపోయింది. అది చాలు నాకు.

ముందు ఆ వారమే బాగుచేసిన మిషన్‌ని గొట్టానికి కలిపాం. పాదరసం నూటయాభై దగ్గర ఆగితే మిషన్ ముల్లు నూటిరవై దగ్గర దర్జాగా నిలబడింది. తర్వాత నా చెయ్యి పెట్టమన్నారు. ఏడాదిగా నాది నూట ఆరని, పదహారేళ్ళ పిల్లలా ఉందని వదిన కితాబిస్తూ వచ్చింది. పాదరసం నూట ముప్ఫై రెండంది. నా పదహారేళ్ళూ అలా పోయాయి.

ఆఖర్న వదిన కూర్చుంది. వెనక్కి ఆనుకుంది. అయిదు నిమిషాలు. అన్నయ్య కళ్ళజోడు నుదుటి మీదినుంచి దించుకుని, గొట్టానికి ముక్కు ఆనించి చూశాడు. "నూటయాభై బై తొంభై నాలుగు" అన్నాడు నేల వంక చూస్తూ.

వదిన నా కౌంటర్ దగ్గరికి వచ్చి ఒక చీటీ తీసుకుంది. ఎప్పుడూ నేనే రాస్తాను, ఆ రోజు తనే రాసింది. ఎవరిది: షాపుదే. వస్తువు: ఎడమచెయ్యి. లోపం: ఎక్కువ చూపిస్తోంది, ఏడాదిన్నర నుంచి. సగం చింపి నా పెట్టెలో వేసింది. మిగతా సగం మణికట్టుకి కట్టించుకుని, "పద, డాక్టరమ్మ వెళ్ళిపోతుంది" అంది.

డాక్టరమ్మ చీటీ చదివింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. తన బల్ల మీది మిషన్‌ని తీసి వదిన చేతికిచ్చేసింది. లోపలి గదిలోంచి వేరేది తెప్పించి రెండు చేతులకీ చూసింది. నూట నలభై ఎనిమిది.

"మీరు రాకపోతే నాకు తెలిసేది కాదు" అంది. "ఈ ఏడాదిన్నరలో ఈ మిషన్ మీద చూసినవాళ్ళందర్నీ మళ్ళీ పిలిపిస్తాను."

"ప్యాచ్ వల్ల పెరిగిందా అండీ?" అన్నాన్నేను.

"అది మొదలుపెట్టి మూణ్ణెల్లేగా, మీ చీటీలు ఏడాదిన్నర నుంచి చెబుతున్నాయి. ఈ వయసులో పెరిగేదే పెరిగింది, ఎవరూ చూసుకోలేదు." తర్వాత వదిన వైపు తిరిగింది. "కానీ ఇప్పటికి ప్యాచ్, దాని తోడు మాత్ర, రెండూ ఆపుదాం. బీపీకి మాత్ర ఇస్తాను. నూట ముప్ఫై కిందికి దిగి నిలబడితే రండి, ప్యాచ్ మళ్ళీ మొదలుపెడదాం. నన్నడక్కుండా మందులు ఎవరి మాటా విని వేసుకోవద్దు, ఎవరి మాటా విని మానొద్దు."

వదిన తలూపింది. చీర కట్టు కింద నడుము మీదున్న ప్యాచ్‌ని తనే ఊడదీసుకుని, మడిచి, చెత్తబుట్టలో వేసింది. ఆ వెయ్యడం నేను చూడలేకపోయాను.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో మాకే తెలుసు. అన్నయ్య మళ్ళీ క్లినిక్కులన్నీ తిరిగాడు. ఈసారి చాటింపు వేరు. "మాదే పొరపాటండీ, మిషన్ ఇచ్చెయ్యండి, ఈలోగా చూసినవాళ్ళకి మళ్ళీ చూడండి" అని గడపగడపకీ చెప్పుకున్నాడు. కొందరు తిట్టారు. మూడు క్లినిక్కులు మాకు దండం పెట్టేశాయి. ఒక డాక్టరు నూటిరవై గారేరీ అని ఎగతాళి చేశాడట. అన్నయ్య అన్నం ముందు కూర్చుని ఆ మాట చెబితే వదిన, "బాగానే అడిగాడు" అంది.

ఆవిర్లు మూడోవారానికల్లా తిరిగొచ్చాయి. ఫ్యాను లేదు, ప్లాస్టర్ అలాగే ఉంది. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. వదిన మొహం ఎర్రబడటం మొదలుకాగానే పట్టకారు కింద పెట్టి తల వెనక్కి వాల్చేది, నేను నుదురు, మెడ తుడిచేదాన్ని. వేడి దిగాక మళ్ళీ పట్టకారు. ఒక్కో మిషన్‌కి గంట. రెండు స్ప్రింగులు పోయాయి. డయలు మీద ఒక్క బొట్టు పడలేదు. నేను మేలమాడటం మానలేదు సుమా. "నీకు తువ్వాలు పట్టడానికేనా మా అమ్మ నన్ను కన్నది?" అంటే, "ఇంకెందుకు పనికొస్తావే నువ్వు?" అనేది. ఆవిడ ఆ మాట అన్న రోజు నాకు కడుపు నిండినట్టుండేది.

నలభై మూడోది డాక్టరమ్మ మిషన్. దాన్ని వదిన చివరికి ఉంచింది. గొట్టానికి కలిపి సున్నా నుంచి రెండొందల దాకా ప్రతి గీతా చూసింది. ముల్లు పాదరసంతో పాటే ఎక్కి పాదరసంతో పాటే దిగింది.

"దీంతో నాదీ చూడండి" అంది. "సరిచెయ్యడానికి కాదు. తెలుసుకోడానికి."

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. నూట ముప్ఫై లోపుంటే ప్యాచ్. మాకందరికీ ఆ సంగతి తెలుసు. వదిన వెనక్కి ఆనుకుంది. అయిదు నిమిషాలు. వీధిలో స్కూటర్లు పోతున్నాయి. నేను తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను. అన్నయ్య స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. ముల్లు నెమ్మదిగా దిగుతోంది. ఆయన మొహం చూసే నాకు తెలిసిపోయింది.

నూట ముప్ఫై నాలుగు.

అన్నయ్య చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవర్ మీదికి వెళ్ళింది. పాతికేళ్ళ అలవాటో, పెళ్ళాం మీద ప్రేమో, ఆయనకే తెలియదు. వదిన కుడిచేత్తో ఆ చేతి మీద ఒక్కటేసింది.

"దాన్ని ముట్టుకోకండి" అంది. చెమట అప్పుడే బయల్దేరుతోంది, మెడ ఎర్రబడుతోంది. "నూట ముప్ఫై నాలుగు. అంతే ఉంది."

నేను చీటీ తీశాను. రాయబోతే పెన్ను సాగలేదు.

"లోపం అన్నచోట ఏం రాయమంటావు వదినా?"

"మిషన్‌కి లోపం లేదని రాయి" అంది. "నాది డాక్టరమ్మ చూసుకుంటుంది. ముందు ఆ తువ్వాలు ఇటియ్యవే."